గొంతు నొప్పికి గోలీ.. బిల్లు కట్టింది కడుపు

మెదక్ బస్టాండులో బస్సు పూర్తిగా ఆగకముందే దిగి పరుగెత్తాను. "పది నిమిషాలే తమ్మీ!" అని వెనక నుంచి కండక్టర్ అరిచాడు. నాకు పది నిమిషాలు సరిపోవని నాకు తెలుసు. అందుకే బ్యాగు భుజానికి తగిలించుకునే దిగాను. నాలుగు నెలలుగా నేర్చుకున్న జాగ్రత్త అది. బాత్‌రూమ్ నుంచి బయటికి వచ్చేసరికి బాన్సువాడ బస్సు వెళ్లిపోయింది.

అది ఆగస్టులో ఒక శనివారం. పొద్దున ఆరింటికే అమ్మ ఫోన్ చేసి, "అక్కను దవాఖానల జాయిన్ చేసినం. జెర జల్ది బయల్దేరు బిడ్డా" అంది. హైదరాబాద్ జేబీఎస్‌లో బస్సెక్కితే నర్సాపూర్, మెదక్, ఎల్లారెడ్డి దాటి మధ్యాహ్నానికల్లా మా ఊళ్లో ఉంటా. ప్రయాణం ఉందని పొద్దుటి నుంచి చాయ్ కూడా తాగలేదు. కడుపులో ఏమీ లేకపోతే ఏ గొడవా ఉండదని నా లెక్క. ఆ లెక్క మెదక్ దాకా కూడా పనిచేయలేదు.

తర్వాతి బస్సు కోసం గంటన్నర కూర్చున్నా. బావ ఫోన్ చేశాడు. "ఏడున్నవ్‌ రా? ఆపరేషన్‌కు తీస్కపోతున్నరు." "బస్సు ఖరాబైంది బావా" అని అబద్ధం చెప్పాను. ఖరాబైంది బస్సు కాదని ఎలా చెప్పను? ఇరవై ఎనిమిదేళ్ల వాణ్ని, నెల నెలా జీతం తీసుకునేవాణ్ని, విరేచనాలు ఆగక బస్సు తప్పించుకున్నానని ఎవరితో చెప్పుకుంటాం?

మేనకోడలు పుట్టిన వార్త నేను ఎల్లారెడ్డి దాటాక ఫోన్లోనే విన్నాను.

రివ్యూ లేకుండా పెట్టిన ప్యాచ్

అసలు కథ అంతకు ముందటి అక్టోబరులో మొదలైంది. ఆఫీసులో రిలీజ్ వారం. గొంతు నొప్పి, కొంచెం జ్వరం. రూమ్ కింద ఉన్న మెడికల్ షాపుకు వెళ్లి "గొంతు పట్టేసింది అన్నా" అంటే, చీటీ గీటీ అడగకుండా మూడు అజిత్రోమైసిన్ గోలీలు కాగితంలో చుట్టి ఇచ్చాడు. రోజుకొకటి. మూడో రోజుకు తగ్గింది. సూపర్ అనుకున్నా.

డిసెంబరులో జలుబు, దగ్గు. మళ్లీ అవే మూడు. ఈసారి నేనే పేరు చెప్పి అడిగాను. ఫిబ్రవరిలో జ్వరం వస్తే సెఫిక్సిమ్ ఐదు రోజులకు ఇచ్చాడు. మూడు రోజులకే తగ్గిందని మిగతావి డ్రాయర్‌లో పడేశాను. మార్చి చివర్లో మళ్లీ గొంతు, మళ్లీ రిలీజ్. ఈసారి ఇంకా పెద్ద గోలీ, అమాక్సిసిలిన్ ఇంకా క్లావులనేట్ కలిసింది. మధ్యలో గ్యాస్ పట్టకుండా ప్రతి పొద్దునా పరగడుపున ఒక పాంటప్రజోల్. అది ఎవరు మొదలుపెట్టమన్నారో, ఎప్పుడు ఆపాలో కూడా నాకు గుర్తులేదు.

ఆరు నెలల్లో నాలుగు దాడులు. ఒక్కదానికీ డాక్టర్ చీటీ లేదు. ఆఫీసులో రెండు లైన్ల కోడ్ మార్చినా ఇద్దరు రివ్యూ చేయందే ముందుకు పంపం. నా ఒంట్లోకి మాత్రం నేరుగా ప్రొడక్షన్‌లోకి పంపించా.

ఏప్రిల్ మొదటి వారంలో మొదలైంది. రోజుకు నాలుగైదు సార్లు నీళ్ల విరేచనాలు. అది తగ్గినట్టే తగ్గి, తర్వాత కడుపు ఉబ్బరం. తిన్న అరగంటకే పొట్ట తబలాలా గట్టిగా అయ్యేది. పాలు తాగితే గడబిడ. పప్పు తింటే గడబిడ. ఒక్కొక్కటే మానేస్తూ వచ్చాను. పాలు, పప్పు, పెరుగు, గోధుమ రొట్టె, ఆఖరికి కూరగాయలు. మిగిలింది తెల్ల అన్నం, చారు, బిస్కెట్లు. నాలుగు నెలల్లో ఆరు కిలోలు తగ్గాను. ఆఫీసులో "జిమ్మా?" అని అడిగితే అవునన్నాను.

మధ్యలో ఫోన్లో యాడ్స్ చూసి పదిహేను రకాల బ్యాక్టీరియా ఉందన్న ప్రోబయాటిక్ డబ్బా తెప్పించాను. ఇంటికే కిట్ పంపి మలం పరీక్ష చేసే ఆన్‌లైన్ సర్వీసుకూ డబ్బులు కట్టాను. రంగురంగుల గ్రాఫులతో పదహారు పేజీల రిపోర్టు వచ్చింది. నా పేగుల స్కోరు వందకు నలభై రెండట. ఇంజినీరింగ్‌లో కూడా అంత తక్కువ ఎప్పుడూ రాలేదు.

నాలుకకు తేనె

బాన్సువాడ మాతా శిశు ఆసుపత్రికి చేరేసరికి అక్క వార్డులో ఉంది. పక్కన గుడ్డలో చుట్టిన పిల్ల. అమ్మ చేతిసంచిలోంచి చిన్న తేనె సీసా తీసింది. మా ఇంట్లో అందరికీ పుట్టగానే నాలుకకు తేనె రాశారు, నాకూ రాశారు.

సిస్టర్ ఎక్కడ నుంచి చూసిందో, రెండంగల్లో వచ్చేసింది. "అమ్మా, తేనె లేదు, చక్కెర నీళ్లు లేవు, డబ్బా పాలు లేవు. తల్లి పాలు ఒక్కటే."

"ఆపరేషనైంది కదా మేడం, పాలు యాడ పడ్డయి? పిల్ల ఏడుస్తుంది" అంది అమ్మ.

"పడతయి. ముర్రుపాలు చెంచడే వస్తయి, పిల్ల కడుపు గూడ గంతనే ఉంటది" అని చెప్పి, అక్కను పక్కకు తిప్పి, పిల్లను సరిగ్గా పట్టుకోవడం మళ్లీ నేర్పించింది. తేనె సీసా సంచిలోకి వెళ్లిపోయింది.

మా ఊరి ఆసుపత్రికి ఈ విషయంలో పేరుంది. తల్లిపాలను ప్రోత్సహించే ఆసుపత్రిగా 2022లో జాతీయ స్థాయి గుర్తింపు వచ్చింది. ఆ వార్త అప్పట్లో వాట్సాప్ గ్రూపులో చూసి, చప్పట్ల బొమ్మ పెట్టి వదిలేశాను. దానికీ నా కడుపుకూ సంబంధం ఉందని ఆ రాత్రి వరండాలో కూర్చుని ఫోన్లో చదివాకే తెలిసింది.

తల్లిపాలలో లాక్టోజ్, కొవ్వు తర్వాత ఎక్కువగా ఉండే ఘన పదార్థం ఒక రకం చక్కెరల గొలుసులు. శాస్త్రవేత్తలు వాటిని ఒలిగోశాకరైడ్లు అంటారు. విచిత్రం ఏంటంటే, వాటిని అరిగించుకునే శక్తి పిల్లకు లేదు. మరి తల్లి శరీరం అంత కష్టపడి తయారు చేసేది ఎవరికోసం? బిఫిడోబ్యాక్టీరియా కోసం. పిల్ల పేగుల్లో మొదటగా ఊరు కట్టాల్సిన బ్యాక్టీరియా అది. అంటే తల్లి పాలిచ్చేటప్పుడు ఒకే గిన్నెలో ఇద్దరికి వడ్డిస్తుంది. పిల్లకు ఒక వాటా, పిల్ల కడుపులోని సూక్ష్మజీవులకు ఒక వాటా.

తేనె ఎందుకు వద్దన్నదీ అర్థమైంది. తేనెలో ఒక్కోసారి బొట్యులిజం తెచ్చే బ్యాక్టీరియా విత్తుల్లాంటి రూపంలో ఉంటుంది. పెద్దవాళ్ల పేగుల్లో అప్పటికే బ్యాక్టీరియా జనం కిక్కిరిసి ఉంటారు కాబట్టి దానికి చోటు దొరకదు. పసిపిల్ల పేగులు ఖాళీ ప్లాటు లాంటివి. ఎవరొస్తే వాళ్లు పాగా వేస్తారు. అందుకే ఏడాది దాటేదాకా తేనె వద్దంటారు.

సిజేరియన్‌తో పుట్టిన పిల్లలకు మొదటి వారాల్లో అందే బ్యాక్టీరియా కూడా కొంచెం వేరుగా ఉంటుంది. సహజ కాన్పులో తల్లి నుంచి చేరే రకాలు తగ్గి, ఆసుపత్రి వాతావరణంలో ఉండే రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. నెలలు గడిచేకొద్దీ ఆ తేడా చాలావరకు తగ్గిపోతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశంలో ఇదే ఎక్కువ. అలాంటి చోట ఆపరేషన్ అయినా సరే పిల్లను వెంటనే తల్లి పాలకు పట్టించే సిస్టర్ విలువ ఎంతో ఆ రాత్రి తెలిసింది.

ఒక పూట వయసున్న పిల్ల కడుపులో ఊరు కట్టడానికి ఇంతమంది ఇంత జాగ్రత్త పడుతున్నారు. ఇరవై ఎనిమిదేళ్లు కట్టుకున్న ఊరిని నేను ఆరు నెలల్లో నాలుగుసార్లు తగలబెట్టుకున్నా.

మర్నాడు అమ్మకు నిజం చెప్పాను. బస్సు ఖరాబు కాలేదని.

రిపోర్టు పక్కన పెట్టిన డాక్టర్

నిజామాబాద్‌లో ఒక గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి బాపు నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. పదహారు పేజీల రిపోర్టు టేబుల్ మీద పెట్టాను. ఆయన రెండు పేజీలు తిరగేసి పక్కన పెట్టాడు. "ఆరోగ్యంగా ఉన్నవాళ్ల పేగుల్లోనే మనిషికీ మనిషికీ చాలా తేడా ఉంటది. ఇది మంచి స్కోరు, ఇది చెడ్డ స్కోరు అని గీత గీసేంత దూరం సైన్స్ ఇంకా రాలేదు. మందుల షీట్లు తెచ్చినవా?" అన్నాడు.

డ్రాయర్‌లో మిగిలిన షీట్లు, ఫోన్లో ఉన్న ఫొటోలు చూపించాను. వరుసగా కాగితం మీద రాసుకున్నాడు. అక్టోబర్, డిసెంబర్, ఫిబ్రవరి, మార్చి. రాశాక ఆ కాగితం నావైపు తిప్పాడు. ఏమీ అనలేదు. అనాల్సిన పని లేదు.

తర్వాత ఆయన చెప్పినవీ, నేను ఇంటికొచ్చి చదువుకున్నవీ కలిపి చెప్తా.

మన ఒంట్లో బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు ఉంటాయని 2016లో ఇజ్రాయెల్, కెనడా శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. మన సొంత కణాలు 30 లక్షల కోట్లు. ఆ బ్యాక్టీరియా మొత్తం తూకం వేస్తే 200 గ్రాములు ఉంటుందేమో. ఎక్కువ భాగం పెద్దపేగులోనే. మనం అరిగించుకోలేని పీచును అవి పులియబెట్టి కొన్ని ఆమ్లాలు తయారు చేస్తాయి. వాటిలో బ్యుటిరేట్ ముఖ్యమైంది. పెద్దపేగు గోడ కణాలకు అదే ప్రధాన ఆహారం. నీటినీ లవణాలనూ పేగు సరిగ్గా పీల్చుకోవడానికి ఈ ఆమ్లాలు సాయం చేస్తాయి. పైగా మంచి బ్యాక్టీరియా చోటంతా ఆక్రమించి ఉంటే, చెడ్డ వాటికి కాలు మోపే జాగా దొరకదు.

యాంటీబయాటిక్‌కు మంచి, చెడు తేడా తెలీదు. గొంతు కోసం మింగింది పేగుల్లో కూడా పని చేస్తుంది. పులియబెట్టే జీవులు తగ్గిపోతే పీచు, చక్కెరలు అలాగే మిగిలిపోయి పేగులోకి నీళ్లు లాగుతాయి. అవే నీళ్ల విరేచనాలు. కొందరిలో ఖాళీ అయిన చోట క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే మొండి బ్యాక్టీరియా పెరిగి ప్రాణం మీదికి తెస్తుంది. నాకు అది లేదని పరీక్షలో తేలింది.

పోయినవి తిరిగి రావా? చాలావరకు వస్తాయి. డెన్మార్క్‌లో పన్నెండు మంది ఆరోగ్యవంతులైన యువకులకు నాలుగు రోజులు మూడు బలమైన యాంటీబయాటిక్స్ ఇచ్చి చూశారు. ఆ అధ్యయనం 2018లో వచ్చింది. నెలన్నరలో పేగుల్లోని జీవజాలం దాదాపు మునుపటి స్థితికి చేరింది. కానీ మొదట అందరిలో ఉన్న తొమ్మిది జాతులు ఆరు నెలలయినా చాలామందిలో కనపడలేదు. అది నాలుగు రోజుల కోర్సుకు. నేను రెండు నెలలకోసారి, సగం కట్టిన గోడను మళ్లీ మళ్లీ కూల్చాను.

"మరి ప్రోబయాటిక్ డబ్బా సార్?" అని అడిగా.

"కొన్ని రకాలు, కొన్ని జబ్బులకు, కొన్నాళ్లు పనిచేస్తయి. చిన్నపిల్లలకు యాంటీబయాటిక్‌తో వచ్చే విరేచనాలు తగ్గిస్తయని ఆధారం ఉంది. కానీ డబ్బా మీద పదిహేను పేర్లున్నయని అందరికీ పనికిరాదు" అన్నాడు. ఇజ్రాయెల్‌లోనే 2018లో వచ్చిన ఇంకో అధ్యయనంలో, యాంటీబయాటిక్ తర్వాత ప్రోబయాటిక్ తీసుకున్నవాళ్లకు, ఏమీ తీసుకోని వాళ్లకంటే సొంత బ్యాక్టీరియా తిరిగి రావడం ఆలస్యమైంది. బయటి నుంచి తెచ్చిన కిరాయిదార్లు ఇంటి ఓనర్లను లోపలికి రానివ్వలేదన్నమాట.

బరువు తగ్గాను కాబట్టి ఆయన దేన్నీ తేలిగ్గా తీసుకోలేదు. రక్త పరీక్ష, థైరాయిడ్, బీ12, ఫోలేట్, ఎండోస్కోపీ. మలంలో రక్తం, జ్వరం, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలు, కారణం లేకుండా బరువు తగ్గడం.. వీటిలో ఏది ఉన్నా ఫోన్లో వెతుకుతూ కూర్చోవద్దని గట్టిగా చెప్పాడు. నేను నాలుగు నెలలు కూర్చున్నా. మీరు కూర్చోకండి.

భీమవరం నుంచి వచ్చిన రెండు మందులు

"చిన్నపేగు ముక్క ఎందుకు తీయాలి?" అని బాపు అడిగితే, డాక్టర్ "స్ప్రూ లేదని చూసుకోవాలె" అన్నాడు. ట్రాపికల్ స్ప్రూ. నేను ఎప్పుడూ వినని పేరు. వెతికితే మన తెలుగువాడి కథ బయటపడింది.

ఇది మనలాంటి ఉష్ణదేశాల జబ్బు. చిన్నపేగులో ఉండకూడనంత బ్యాక్టీరియా చేరుతుంది, పేగు లోపలి మెత్తటి కేసరాలు అరిగిపోతాయి. తిన్నది ఒంటికి పట్టదు. విరేచనాలు, నీరసం, ఫోలేట్, బీ12 లోపం, రక్తహీనత. 1960ల మొదట్లో వెల్లూరు చుట్టుపక్కల పల్లెల్లో ఇది అంటువ్యాధిలా వస్తే అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు ఏళ్లపాటు పరిశోధించారు.

అంతకు చాలా ముందే ఈ జబ్బు భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు ఇంట్లోకి వచ్చింది. ఆయన అన్నదమ్ములు ఇద్దరు దీనితోనే పోయారని ఆయన జీవిత కథలు చెబుతాయి. ఆయనకూ వచ్చింది. మద్రాసులో ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో బతికి బయటపడ్డారు. తర్వాత అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో, ఆ పైన లెడర్లే కంపెనీలో పనిచేశారు. 1940ల మధ్యలో ఆయన నడిపించిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ల్యాబ్‌లో తయారు చేసింది. ఆయన పరిశోధన విభాగం అధిపతిగా ఉన్నప్పుడే అక్కడ బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ కనుగొన్నారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి యాంటీబయాటిక్ అదే. అది లోకానికి తెలిసిన 1948లోనే, 53 ఏళ్లకే ఆయన కన్నుమూశారు.

ఈరోజుకీ ట్రాపికల్ స్ప్రూకు ఇచ్చే చికిత్స ఏంటో తెలుసా? ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. నెలల తరబడి. తన అన్నదమ్ముల్ని బలి తీసుకున్న జబ్బుకు రెండు మందులూ ఆయన ల్యాబ్ దారిలోనే వచ్చాయి.

ఇది చదివాక యాంటీబయాటిక్‌ను తిట్టుకోవడం మానేశాను. అదే మందు ఒకరి పేగులో పెరిగిన దాన్ని తగ్గించి ప్రాణం పోస్తుంది. ఇంకొకరి పేగులో ఉండాల్సినదాన్ని ఊడ్చేసి బస్టాండులో పరుగులు పెట్టిస్తుంది. తేడా అంతా దేనికి వేసుకున్నామన్న దాంట్లోనే ఉంది. గొంతు నొప్పుల్లో ఎక్కువ శాతం వైరస్‌లతో వచ్చేవే. వాటిని ఈ గోలీలు ఏమీ చేయలేవు. అక్టోబరులో నా గొంతు మూడో రోజు తగ్గింది గోలీ వల్ల కాకపోవచ్చు. మూడో రోజు ఎలాగూ తగ్గేదే.

నా రిపోర్టుల్లో స్ప్రూ లేదు. బీ12 కొంచెం తక్కువ ఉంది, దానికి మందిచ్చారు. పాంటప్రజోల్ మెల్లగా ఆపించారు. కడుపులోని ఆమ్లం కూడా ఒక కాపలాదారేనట, దాన్ని అనవసరంగా నెలల తరబడి నిద్రపుచ్చొద్దట. "పేగులు ఇంకా సర్దుకోలేదు. టైం పడ్తది. మానేసినవన్నీ ఒక్కొక్కటే మళ్లీ మొదలుపెట్టు" అన్నాడు డాక్టర్.

సద్దికి తిరిగొచ్చుడు

నెల రోజులు వర్క్ ఫ్రమ్ హోమ్ అడిగి బాన్సువాడలోనే ఉండిపోయాను. నా చికిత్స బాధ్యత నానమ్మ తీసుకుంది. పొద్దున సద్దన్నం, పెరుగు, ఉల్లిగడ్డ.

"సద్ది తినుడు నామోషీ అని ఇంటర్‌లనే బంద్ చేస్తివి. ఇప్పుడు డాక్టర్ చెప్తె తింటున్నవా?" అని దెప్పింది.

నిజం చెప్పాలంటే డాక్టర్ సద్ది తినమని చెప్పలేదు. పెరుగు లాంటి పులిసినవీ, పీచు ఉన్నవీ కొంచెం కొంచెంగా అలవాటు చేసుకోమన్నాడు. మొదటి వారం సద్ది కూడా నాకు పడలేదు. పొట్ట ఉబ్బింది. "రెండు బుక్కలు తిను, సరిపోతది" అంది నానమ్మ. రెండు బుక్కలతో మొదలుపెట్టా. పది రోజులకు చిన్న గిన్నె. తర్వాత మజ్జిగ, పలచగా జొన్న గట్క, పెసరపప్పు, బీరకాయ. మూడు నాలుగు రోజులకొకటి చొప్పున కలుపుకుంటూ పోయాను.

దీనికీ కొంత ఆధారం ఉంది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు 36 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు పది వారాలు పులిసిన ఆహారం, ఇంకో జట్టుకు పీచు ఎక్కువున్న ఆహారం ఇచ్చారు. 2021లో వచ్చిన ఆ ఫలితాల్లో, పులిసిన ఆహారం తిన్నవాళ్ల పేగుల్లో బ్యాక్టీరియా రకాలు పెరిగాయి. వాపును సూచించే కొన్ని పదార్థాలు రక్తంలో తగ్గాయి. పీచు తిన్నవాళ్లలో అంత తక్కువ కాలంలో రకాలు పెరగలేదు. వాళ్లు తిన్నది పెరుగు, కెఫిర్, కిమ్చి లాంటివి, మన సద్ది కాదు. కాబట్టి సద్దన్నం సర్వరోగ నివారిణి అని నేను చెప్పను. వండి చల్లారిన అన్నంలో కొంత పిండిపదార్థం అరక్కుండా పెద్దపేగు దాకా వెళ్లి బ్యాక్టీరియాకు మేత అవుతుందన్నది మాత్రం నిజం. ఇంకోటి, సద్దికి శుభ్రమైన నీళ్లు, శుభ్రమైన గిన్నె కావాలి. వాసన మారితే పారబోయాల్సిందే. ఒంట్లో రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు డాక్టర్‌ను అడిగే తినాలి.

అక్టోబరు నాటికి రోజుకు ఒకట్రెండు సార్లకు వచ్చింది. మూడు కిలోలు పెరిగాను. పాలు మాత్రం ఇప్పటికీ పడవు.

బాపు అడిగిన ప్రశ్న

కథ అక్కడితో అయిపోయిందనుకున్నా. జనవరిలో సంక్రాంతికి ఇంటికెళ్తే బాపుకు జలుబు, ఒళ్లు నొప్పులు, కొద్దిగా జ్వరం. యాసంగి నాట్ల టైం. నిజాంసాగర్ కాలువకు నీళ్లు వదిలారు, మడి దున్ని ఉంది, మరునాడు కూలోళ్లు వస్తారు. బాపు జేబులో చూస్తే సెఫిక్సిమ్ షీటు. నాకు ఒళ్లు మండింది.

షీటు మీద ఎర్ర గీత చూపించాను. "ఈ గీత ఉంటే డాక్టర్ చీటీ లేంది వేసుకోవద్దని అర్థం బాపూ. 2016ల గవర్నమెంట్ దీనిమీద ప్రచారం గూడ చేసింది. ఈ మందు అమ్మితే షాపోళ్లు రిజిస్టర్‌ల రాయాలని 2014 నుంచే రూల్ ఉంది. నన్ను చూసి కూడా ఎట్ల కొన్నవ్?"

బాపు మంచం మీద లేచి కూర్చున్నాడు. "రేపు పన్నెండు మంది కూలోళ్లొస్తరు. నేను పండుకుంటె నాట్లు నువ్వేస్తవా?"

నాకు జవాబు రాలేదు. ఎందుకంటే నేను అక్టోబరులో, మార్చిలో మెడికల్ షాపు ముందు నిలబడినప్పుడు నా లోపల ఉన్నది కూడా అదే ప్రశ్న. నేను పడుకుంటే రిలీజ్ ఎవరు చేస్తారు? మేనేజర్‌కు మెసేజ్ పెట్టి రెండు రోజులు సెలవు అడగడం కన్నా వంద రూపాయల లోపు గోలీలు కొనడం సులువనిపించింది. నేను షాపులో కొన్నది మందు కాదు, సెలవు. బాపూ అదే కొన్నాడు. ఎర్ర గీత మీద మనకున్న అజ్ఞానం ఒక ఎత్తు. మూడు రోజులు పడుకునే వీలు లేకపోవడం ఇంకో ఎత్తు. రెండోదాని గురించి ఏ ప్రచారమూ మాట్లాడదు.

మర్నాడు పొద్దున బాపుకు పారాసిటమాల్ ఇచ్చి పడుకోమన్నాను. బావకు ఫోన్ చేసి రమ్మన్నాను. ఇద్దరం పొలానికి వెళ్లాం. నేను వేసిన నాట్లు చూసి కూలికొచ్చిన పెద్దమ్మలు పడీ పడీ నవ్వారు. "ఇంజినీర్ సాబ్ గీతలు బాగనే గీస్తున్నవ్‌ పో" అంది ఒకామె. నడుం పట్టేసింది. బాపుకు మూడో రోజుకు తగ్గింది. గోలీ లేకుండానే.

సెఫిక్సిమ్ షీటు ఇంకా మా ఇంట్లోనే అల్మారాలో ఉంది. పారేస్తానంటే బాపు ఒప్పుకోలేదు. "ఉండనియ్యి, డాక్టర్ రాస్తె పనికొస్తది" అన్నాడు. అంతవరకు గెలిచినట్టే అనుకున్నా.

ఫిబ్రవరిలో మేనకోడలికి ఆరు నెలలు నిండాయి. అన్నం ముట్టించాలి, మేనమామ ఉండాలని కబురు. జేబీఎస్‌లో ఇడ్లీ తిని మరీ బస్సెక్కాను. మెదక్‌లో కండక్టర్ "పది నిమిషాలు" అన్నాడు. దిగి చాయ్ అడిగాను, పాలు లేకుండా. బస్సు హారన్ కొట్టేదాకా తీరిగ్గా తాగి, మళ్లీ నా సీట్లో కూర్చున్నా.

ఇంట్లో మెత్తగా పిసికిన పప్పన్నం సిద్ధంగా ఉంది. అమ్మ తేనె సీసా ఈసారి బయటికి తీయలేదు. వేలితో ఇంత అన్నం పెట్టాను. పిల్ల మొహం చిట్లించి, సగం ఉమ్మేసి, సగం మింగింది. పక్కన కూర్చున్న నానమ్మ, "రెండు బుక్కలు చాలు రా, ఊకె కుక్కకు" అంది.